మెంతి చామంతి వాడిన రోజు

మా ఇంట్లో ఒక చామంతి పువ్వు నాలుగేళ్లపాటు పూసే ఉంది.

ఈ మాట చెబితే కొత్తవాళ్లు ప్లాస్టిక్ పువ్వేమో అనుకుంటారు. కాదు. కుండీలో మట్టి ఉంది, మట్టిలో వేరు ఉంది, పైన మూరెడు కొమ్మ, కొమ్మ చివర మెంతి రంగులో రూపాయి బిళ్లంత పువ్వు. నీళ్లు పోస్తే తాగేది. ఎండ ఎటు వస్తే అటు వంగేది. వాడిపోవడం ఒక్కటే దానికి చేతనయ్యేది కాదు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, చెంపలు వేసుకుని, దండం పెట్టి పోయేవారు. ఒకావిడ ఏకంగా పసుపు కుంకుమలు పట్టుకొచ్చింది. మా మామ ఆమెను గడప దాటనివ్వలేదు. సాక్షాత్తూ దేవుడే వచ్చినా ఆయన ఆ కుండీ మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

నాకు మాత్రం ఆ పువ్వును చూస్తే ఒళ్లు మండేది.

నా పేరు నవనీత. మామ అంటే మా అమ్మకు తమ్ముడు, డాక్టర్ బాల్‌రాజ్. సూది వేసే డాక్టర్ కాదు, మొక్కల రోగాలు చదివిన డాక్టర్. వికారాబాద్ గుట్టల కింద ఉన్న పూల పరిశోధన కేంద్రంలో పని. మా నీలగూడలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన కళ్లు పెద్దవి చేసి "ఆకులు పచ్చబడ్డయా? ఏర్లు మంచిగున్నయా?" అని అడిగి నవ్వించి, ఆసుపత్రికి పంపేవాడు. అదంతా అమ్మ ఉన్నప్పటి మాట.

అమ్మ పేరు అండాలు. నేను పుట్టిన ఏడే నాయన లారీ ప్రమాదంలో పోయాడు. తల్లి లేని తమ్ముణ్ణి, తండ్రి లేని నన్ను అమ్మ ఒక్క చేత్తో పెంచింది. రెండో చెయ్యి ఎప్పుడూ పూలబుట్టలో ఉండేది. మాకున్న కొద్ది చెలకలో బంతి, చామంతి వేసి హైదరాబాద్ మార్కెట్టుకు పంపేది. తోట చివర ఒక్క సాలు మాత్రం అమ్మకానికి కాదు. అది మెంతి చామంతి. అమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్లమ్మ ఇచ్చింది. పువ్వు చిన్నది, రేకలు పలచన, మార్కెట్టులో పెడితే ఎవరూ కన్నెత్తి చూడరు.

"ఇది అమ్మేటిది కాదు బిడ్డా. మన కొప్పుకు, మన బతుకమ్మకు" అనేది అమ్మ.

పొద్దున్నే ఒక పువ్వు తెంపి తలలో పెట్టుకునేది. అప్పుడు దానికి ఏ వాసనా ఉండదు. రోజంతా ఎండకు కాగి, చెమటకు తడిసి, బుట్టల కింద నలిగి, పొద్దుగూకేసరికి వాడేది. వాడాక వచ్చేది వాసన. కొంచెం చేదు, కొంచెం వేయించిన మెంతులు, కొంచెం తడిమట్టి. దీపాలు పెట్టే వేళకు అమ్మ అరుగు మీద కూలబడితే నేను వెనక నుంచి మెడను వాటేసుకుని ముక్కు ఆ కొప్పులో పెట్టేదాన్ని. నాకు అమ్మ వాసన అంటే అదే.

చామంతికి ఒక పద్ధతి ఉంది. పూత అయిపోయి, పువ్వు వాడి, కొమ్మ ఎండుముఖం పట్టాక దాన్ని మొదటికంటా కోసెయ్యాలి. అప్పుడు మొదలు చుట్టూ మట్టిలోంచి పిలకలు లేస్తాయి. వాటిని విడదీసి నాటుకుంటేనే మరుసటి ఏడు తోట. అమ్మ కొడవలి వేసే ముందు ప్రతి మొక్కకూ ఒక మాట చెప్పేది. "ఇగ సాలు తల్లీ, పిల్లలకు జాగ ఇయ్యి." మేము నవ్వితే, "నగుతరేందే, అడగకుండ కోస్తరా ఎవలన్న?" అని కసిరేది.

నేను ఇంటర్‌లో ఉన్న ఏడు బతుకమ్మ పండుగ ముందు ముసురు పట్టింది. వాన గట్టిగా కురిసి పోతే చామంతి తట్టుకుంటుంది. ముసురు అలా పోదు, తోటలో చుట్టంలా కూర్చుంటుంది. దాని వెనకే బూజు వచ్చింది. ముందు వాడుతున్న రేక మీద గోధుమ రంగు మచ్చ, తెల్లారేసరికి దాని మీద బూడిద రంగు నూగు, పాత బొంతలోంచి వచ్చే ఉన్నిలాగా. వేలు తగిలితే చాలు, పొగలా లేచి పక్క పువ్వు మీద వాలుతుంది. అమ్మ తడిగుడ్డ పట్టుకుని తోటలో దిగింది. బూజు పట్టిన పువ్వును ముందు తడిగుడ్డలో చుట్టి, ఆ తర్వాతే తెంపి, గుంతలో పూడ్చేది. పొగ లేవకుండా తెంపాలంటే అదొక్కటే దారి. రోజుల తరబడి ఆ తడిలోనే నిలబడింది. జ్వరం వచ్చింది. పండుగ అయ్యాక చూద్దాంలే అంది. పండుగ రాకముందే ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులు నిండిపోయాయన్నారు. అమ్మ తిరిగి రాలేదు.

తోటను చూసే నాథుడు లేక బూజు మొత్తం ఊడ్చుకుపోయింది. మెంతి చామంతి సాలు కూడా పోయింది. స్నానాల గది గోడ పక్కన అమ్మ సరదాగా కుండీలో పెట్టిన ఒక్క మొక్క మాత్రం మిగిలింది.

"నా అక్కను ఈ బూజే తిన్నది" అనేవాడు మామ.

"న్యుమోనియా మామా" అనేదాన్ని నేను. అంత చదువుకున్నవాడికి తెలియక కాదు. ఎవరో ఒకరి మీద పగ పట్టకపోతే ఆయన బతకలేడు, అంతే. పెళ్లి మాట ఎత్తినవాళ్లను తరిమేసి ప్రయోగశాలలోనే కాపురం పెట్టాడు.

నేను వ్యవసాయ డిగ్రీలో చేరాక, సెలవుల్లో ఒకరోజు నన్ను ప్రయోగశాలకు తీసుకెళ్లి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టాడు. అద్దం కింద చామంతి రేక, దాని మీద నీటి చుక్క, చుక్కలో ద్రాక్షపండులాంటి చిన్న బూజు గింజ. గింజకు సన్నటి తోక మొలిచి రేక మీద పాకుతోంది.

"సూడు. పళ్లు లేవు దీనికి. కొరకలేదు. మరెట్ల తింటదనుకున్నవ్?" అన్నాడు.

"ఎట్ల?"

"చీటీలు పంపుతది. పువ్వు కణంలకు సన్న సన్న చీటీలు. నీ పని అయిపోయింది, ఇగ చావు అని ఉంటది అండ్ల. పువ్వు నమ్ముతది. తనంతట తనే చస్తది. చచ్చినదాన్ని ఇది కూసొని తింటది."

నేను చూస్తుండగానే తోక ఆగిన చోట రేక రంగు మారింది. "అట్ల ఎవరో చావమంటే చస్తదా మామా? ఎందుకు నమ్ముతది?"

"పువ్వన్నంక ఒకనాడు రాలాల్సిందే కద. ఆ మాట దాంట్ల ముందే ఉన్నది. బూజు జెర ముందుగాల యాదిచేస్తది. అంతే" అన్నాడు.

ఆ చీటీకి ఆయన ఎదురు చీటీ తయారు చేశాడు. చావు అన్నదానికి బదులు చావకు అనే మాట. నీళ్లలో కలిపి ఆకు మీద చల్లితే కణం దాన్ని చదువుకుని, తానే నకలు తీసి పక్క కణానికి అందిస్తుంది. వేరు దాకా, మొగ్గ దాకా పోతుంది. ఒక్కసారి చల్లితే చాలు, మొక్క ఉన్నన్నాళ్లూ ఉంటుంది. దానికి 'నిలుపు' అని పేరు పెట్టాడు. గాజు పెట్టెలో ఉన్న మొక్కల మీద తప్ప బయట ఎక్కడా ఇంకా వాడలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను కుండీకి నీళ్లు పోస్తూ చూశాను. ఆ ఏడు మెంతి చామంతికి వచ్చింది ఒక్కటే పువ్వు. మొక్క అప్పటికే నీరసించి ఉంది, ముందటేడు పిలకలు కూడా బూజుకే పోయాయి. పువ్వు చివరి రేక మీద ఆవగింజంత బూడిద చుక్క కనిపించింది. మామకు ఫోన్ చేశాను. ఆయన బండి మీద వచ్చిన తీరు చూస్తే ఇంట్లో మనిషికి పాము కరిచిందేమో అనుకోవాలి. చొక్కా జేబులోంచి సీసా తీసి, అక్కడికక్కడే పిచికారీ చేశాడు.

చుక్క పెరగలేదు. పోనూ లేదు. పసిబిడ్డ చెంప మీద దిష్టిచుక్కలాగా అలాగే నిలిచిపోయింది. వారం తర్వాత కూడా పువ్వు అలాగే ఉంది. నెల తర్వాతా అలాగే ఉంది. చలికాలం పోయి, ఎండలు వచ్చి, మళ్లీ వానలు వచ్చినా అలాగే ఉంది. మామ కుండీని గదిలోకి తెచ్చి కిటికీ పక్కన పెట్టి, దాని ముందు పీట వేసుకుని కూర్చుని టీ తాగేవాడు. అమ్మ పోయాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. నాకూ సంతోషమే వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదట్లో నేనూ రోజూ దాని ముందు కూర్చున్నాను.

ఆ తర్వాత పైవాళ్ల అనుమతులు వచ్చి నిలుపు రైతులకు చేరింది. ఇక చూడాలి సంబరం. ముసురు పడుతున్నా రైతులు కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. కోసిన బంతిపూలు నెల తర్వాత కూడా అప్పుడే కోసినట్టు ఉండేవి. పెళ్లిపందిళ్ల పూలు రెండో పెళ్లికి, మూడో పెళ్లికి వాడుకున్నారు. మా మామకు ఊరూరా శాలువాలు కప్పారు. బీరువాలో చీరల కంటే శాలువాలు ఎక్కువైపోయాయి.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఊరికే అనలేదు. మొదట బంతి రైతులకు తెలిసింది. పువ్వు ఎండితేనే కదా గింజ? పువ్వు ఎండలేదు, గింజ కట్టలేదు. చామంతి రైతులు కొమ్మలు కోసి పిలకల కోసం చూశారు. మొదలు పచ్చగా కూర్చుంది తప్ప ఒక్క పిలక లేవలేదు. పిలక బయటికి రావాలన్నా, వేరు పొడుచుకు రావాలన్నా, దారిలో ఉన్న కొన్ని కణాలు చచ్చి చోటివ్వాలట. నిలుపు తాగిన మొక్కలో ఎవరూ ఎవరికీ చోటివ్వరు.

తర్వాత పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. మా చెరువులో నిలుపు పూలతోనే పేర్చిన మూడూళ్ల బతుకమ్మలు వేశాం. పోయి రమ్మని చెప్పి, మొక్కి, ఇళ్లకు వచ్చాం. అవి పోలేదు. దీపావళికి చూస్తే నీళ్ల మీద అలాగే ఉన్నాయి, అప్పుడే పేర్చినట్టు, ఎర్రగా, పచ్చగా. ఫాల్గుణంలో కాముని పున్నానికీ ఉన్నాయి. నీళ్లకు వెలుతురు అందక కింద నాచు నల్లబడి, చేపలు చచ్చి ఆ తాజా పూల మధ్యనే తేలాయి. ఆడవాళ్లు చెరువుకు పోవడం మానేశారు. సాగనంపిన ఆడబిడ్డ గడపలోనే నిలబడి ఉంటే తల్లికి ఎలా ఉంటుందో అలా ఉంది ఊరికి.

మామ ఇవన్నీ విని, "చూస్తున్నం, చూస్తున్నం" అనేవాడు. చూసేవాడు కాదు. సాయంత్రం కాగానే పీట వేసుకుని కుండీ ముందు కూర్చునేవాడు.

ఒక ఆదివారం పక్క ఊరి నుంచి బుచ్చమ్మ అనే ఆవిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, బొట్టు లేదు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, పూలమందు చేసినోళ్లు మీరేనా?"

"నేనేనమ్మా. ఏం కావాలె?"

"ఏమొద్దు సారూ. ఒక్క మాట అడుగుదామని వచ్చిన. మా ఇంటాయన పోయిన వానకాలం పోయిండు. ఆయన్ను తీస్కపోయేటప్పుడు ఇంటికాడికెల్లి కాటిదాక బాట మీద పూలు సల్లిండ్రు. బంతిపూలు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసింది. "అవి ఇంక ఉన్నయ్ సారూ. నేను చేనుకు పోవాలంటే గదే బాట. బండ్లు తొక్కినయ్, ఎద్దులు తొక్కినయ్, జరిగినయ్ గని వాడలేదు. పొద్దుగాల పోయేటప్పుడు ఉంటయ్, వచ్చేటప్పుడు ఉంటయ్. దినాం ఆయన్ను తీస్కపోయినట్టే ఉంటది నాకు. అవి ఎన్నడు వాడుతయ్ సారూ?"

మామ కణాలు, చీటీలు అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆమె ముఖంలోకి చూడలేక తన చేతులు చూసుకున్నాడు. నాకు ఆయన మీద మొదటిసారి జాలి వేసింది.

మర్నాటి నుంచి ఆయన ఇంటికి రావడం తగ్గించాడు. వానలు ముగిసేలోగా మరో చీటీ తయారైంది. నిలుపు రాసిన మాటను చెరిపేసే చీటీ. దానికి 'విడుపు' అన్నాడు. మొదటి సీసా తీసుకుని బుచ్చమ్మ ఊరికే పోయాం. కాటి బాట పొడుగునా ఆయనే నడుం వంచి చల్లాడు. తర్వాత మా చెరువు. రెండు రోజులకు పూలన్నీ మెత్తబడి, నల్లబడి, మునిగాయి. నీళ్లు కంపు కొట్టాయి. ఆ కంపుకు ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నిలుపును ఆపేశారు. శాలువాలు కప్పినవాళ్లే తిట్టిపోశారు, అది వేరే కథ. మామ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

అన్నిచోట్లా విడుపు చల్లాడు కానీ ఇంట్లో కుండీ జోలికి మాత్రం పోలేదు.

వారం చూశాను, రెండు వారాలు చూశాను. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"దీనికి కొట్టవా మామా?"

"దేనికి?"

"దేనికో నీకు తెలుసు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "కొడితే ఆ చుక్క లేస్తది బిడ్డా. నాలుగేండ్ల సంది ఆకలితోని కూసున్నది. పువ్వు తిని ఊకుంటదా? కొమ్మ దిగుతది, మొదలు దాక పోతది. పిలక రాకముందే మొదలు పోతే ఇగ మెంతి చామంతి ఏడున్నది? భూమ్మీద ఇదొక్కటే మిగిలింది."

"ప్రయోగశాలల పెంచరాదు?"

"పెంచి చూసిన. ముక్కలు కోసి సీసాలల్ల పెట్టిన. పచ్చగ ఉంటయ్. ఏరు రాదు, ఆకు రాదు. నిలుపు పోతేనే వస్తది, నిలుపు పోతే బూజొస్తది. ముక్క ముక్కలనూ ఉన్నది అది."

"మరింక ఏం చేస్తవ్?"

"ఏం చెయ్య. ఉంటది. అక్క పెట్టిన మొక్క, అక్క చెయ్యి తాకిన మొదలు. అట్లనే ఉండనీ."

అప్పుడు నాకు కోపం ఆగలేదు. కోపం వెనకే ఏడుపూ వచ్చింది.

"నాకు అమ్మ వాసన యాదికి లేదు మామా. నీకు తెలుసా? ఎంత ముక్కు పెట్టినా ఈ పువ్వుకు వాసన లేదు. వాడితేనే కద వచ్చేది. అమ్మను తలుసుకుందామని కండ్లు మూసుకుంటే ఈ పువ్వే కనబడుతది. అమ్మ మొకం కనబడుతలేదు. అమ్మ జాగల ఇది కూసున్నది. నువ్వు అమ్మను దాచిపెట్టిన అనుకుంటున్నవ్. పోగొట్టినవ్."

ఆయన లేచి బయటికి పోయాడు. అన్నం వేళకు కూడా రాలేదు. అంత మాట అన్నందుకు నాకే బాధ వేసింది. కానీ అందులో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

చలి మొదలయ్యాక బుచ్చమ్మ మళ్లీ వచ్చింది. కొంగులో కందికాయలు మూటగట్టి తెచ్చింది. ఈసారి అడగకుండానే అరుగు మీద కూర్చుంది.

"బాట సాఫయింది సారూ. మొదటి రెండు దినాలు మస్తు ఏడ్చిన. అప్పటిదాక ఏడుపే రాలె నాకు, ఏం మాయనో. ఇప్పుడు జెర పానం అల్కగున్నది" అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ కిటికీలోంచి లోపలున్న కుండీ చూసింది. చాలాసేపు చూసింది. ఆమెకు మా సంగతి ఏమీ తెలియదు.

"గిది ఎవల మీద సల్లిన పువ్వు సారూ?" అని అడిగింది.

నేనే కందికాయలు తీసుకుని, టీ ఇచ్చి, ఆమెను గేటు దాకా సాగనంపి వచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆయన కుండీ ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. పీట పక్కనే ఉంది, దాని మీద కూర్చోలేదు.

"రేపు పొద్దున కొడుదాం" అన్నాడు. "ఒక తడిగుడ్డ చూసి పెట్టు."

పొద్దున్నే విడుపు చల్లాడు. సగం మందు గోడ మీద పడింది. ఆ రోజు ఇద్దరం ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నం దాకా ఏమీ కాలేదు. ఎండ వాలుతుండగా మొదటి రేక మెత్తబడింది. అంచులు లోపలికి ముడుచుకున్నాయి. నాలుగేళ్లుగా నిటారుగా ఉన్న మెడ కొంచెం వంగింది. నేను కిటికీ వేశాను. చలికి కాదు. ఎందుకో నాకే తెలుసు.

వచ్చింది. ముందు చాలా సన్నగా, అనుమానంగా వచ్చింది. తర్వాత గది నిండా. కొంచెం చేదు, కొంచెం వేయించిన మెంతులు, కొంచెం తడిమట్టి. నాకు అమ్మ మెడ గుర్తొచ్చింది. మెడ మీద పూసల దండ వేసిన గాటు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి "ఏందే, పొద్దంత ఏడ తిరిగినవ్?" అని నవ్వే ముఖం, పన్ను మీద పన్ను, అన్నీ గుర్తొచ్చాయి. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మ మా ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడినట్టయింది.

మామ పువ్వు దగ్గరికి వంగి వాసన పీల్చి, "అక్క" అన్నాడు. అంతే అన్నాడు. అంత పెద్దమనిషి, నేల మీద కూర్చుని, మోకాళ్లలో ముఖం పెట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడవనిచ్చాను. నేనూ ఏడ్చాను. వాసన ఉన్నంతసేపూ ఎవరం కదల్లేదు.

మర్నాడు పొద్దున్నకు దిష్టిచుక్క లేచింది. రేకలన్నీ బూడిద నూగు కప్పుకున్నాయి. అది కొమ్మ వైపు దిగుతోంది. మామ తడిగుడ్డ తీసుకున్నాడు. అమ్మ ఎలా చుట్టేదో అలాగే, పొగ లేవకుండా, పసిపిల్లను పొత్తిళ్లలో చుట్టినట్టు చుట్టాడు. పువ్వును తెంపి నాకిచ్చాడు. తర్వాత కొడవలి పట్టుకుని మొక్క మొదలు దగ్గర ఆగాడు. ఎంతకీ కోయడు.

"మామా, అడుగు" అన్నాను.

ఆయనకు అర్థమైంది. "ఇగ సాలు తల్లీ" అన్నాడు. "పిల్లలకు జాగ ఇయ్యి."

కోశాడు. కుండీలో ఇక మట్టి, మట్టి మీద వేలెడు మోడు. అంతే. గుడ్డను గుంతలో పూడ్చి వచ్చాం.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మోడు ఒక పక్క నల్లబడింది. మామ భూతద్దం పెట్టి చూసి ముఖం తిప్పుకునేవాడు. "పోయింది బిడ్డా" అని ఒకసారి, "ఇంక పోలె" అని ఒకసారి. నల్లదనం మట్టి దాకా దిగింది. మోడు చేతికి ఊడి వచ్చింది. లోపల అంతా బూడిద నూగే. మామ దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. నా మాట మీదే కదా అంతా జరిగింది. భూమ్మీద ఉన్న ఒక్క మొక్కను నేనే చంపించానని రోజుల తరబడి నాకు అన్నం సహించలేదు.

అయినా కుండీకి నీళ్లు పోయడం మానలేదు. ఎందుకు పోస్తున్నావని ఆయనా అడగలేదు.

శివరాత్రి దాటాక ఒక ఉదయం నీళ్లు పోయబోతుంటే కుండీ అంచుకు ఆనుకుని, మోడు ఉన్న చోటికి అంత దూరాన, మట్టి పగిలి ఉంది. పగుల్లో వడ్లగింజంత పచ్చదనం. నేను అరిచిన అరుపుకు మామ సబ్బు నురుగు గడ్డంతోనే పరిగెత్తుకొచ్చాడు. వంగి చూశాడు. ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"దూరం పోయి లేసింది. బూజుకు దొరకకుండ" అన్నాడు. "అక్కలెక్కనే మొండిది."

వచ్చింది ఆ ఒక్క పిలకే. తొలకరికి తోట చివర, పాత సాలు ఉన్న చోటే నాటాం. దానికి నిలుపు లేదు, విడుపు లేదు. ముసురు పడితే తడిగుడ్డ పట్టుకుని ఇద్దరం దిగేవాళ్లం. ప్రయోగశాలలో మామ ఇప్పుడు వేరే పని పెట్టుకున్నాడు. బూజు ఎప్పుడు వస్తుందో ముందే చెప్పగలిగే పని. దాన్ని లేకుండా చేస్తానని మాత్రం అనడం లేదు.

దసరా ముందు మెంతి చామంతి నాలుగు పువ్వులు పూసింది. సద్దుల బతుకమ్మ రోజు మూడింటిని బతుకమ్మ మీద పెట్టాను. నాలుగోది మామ తెంపి తెచ్చి, "పెట్టుకో" అన్నాడు. జడలో పెట్టుకున్నాను. రోజంతా పని, వంటలు, పూలు పేర్చడం, ఆట. పొద్దుగూకే వేళకు చెరువు గట్టున ఆడవాళ్లందరం బతుకమ్మలను నీళ్లలోకి వదులుతుంటే మామ దగ్గరికి వచ్చాడు. నా జడ వైపు వంగాడు.

"వాడింది" అన్నాడు, పంట ఇంటికొచ్చిందని చెప్పినట్టుగా.

నేను పువ్వు తీసి ఆయన చేతిలో పెట్టాను. జేబులో దాచుకుంటాడేమో అని ఒక్క క్షణం భయపడ్డాను. ఆయన ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని, తర్వాత మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలోకి పోయాడు. మగవాళ్లు ఆ చోటికి దిగరు. ఆడవాళ్లు పక్కకు జరిగి జాగ ఇచ్చారు. పువ్వును నీళ్ల మీద పెట్టి, చేత్తో మెల్లగా ముందుకు నెట్టాడు.

"పోయి రా అక్కా" అన్నాడు.

పువ్వు కొంచెం దూరం తేలింది. నీళ్లు తాగి, బరువెక్కి, మునిగింది. మామ గట్టు ఎక్కి వచ్చాడు. ఇద్దరం కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన సద్దులు తిన్నాం.